కంప్యూటర్ చూపించిన ఎరుపు పసుపు అంచు

నా దగ్గరున్న స్క్రూడ్రైవర్లన్నిటి మీదా, దుకాణంలో ఉన్న దేవుడి పటం మీదా, ఇంట్లో ఉన్న మా ఆవిడ మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇక్కడ రాయబోయేదంతా పొల్లు లేకుండా నిజం. హిందూపురంలో నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. గోరంట్లలో ఒక ఎరువుల కొట్టు కంప్యూటర్లో ఎలుక కాపురం పెట్టిందనీ, ఫ్యాను ఆగినప్పుడల్లా దాని పిల్లలు తోకలతో తిప్పేవనీ నేను చెప్పిన మాట వాళ్ళింకా మరిచిపోలేదు. అది వేరు, ఇది వేరు. ప్రమాణం దీనికి మాత్రమే.

2023వ సంవత్సరం, ఆషాఢం. హిందూపురం బజారు వెనక సందులో కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టి అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు దాటింది. రిపేర్లతో పాటు పాత కంప్యూటర్లు కూడా అమ్ముతాను. బెంగళూరులో పెద్ద కంపెనీలు నాలుగేళ్ళు వాడి, లాట్లు లాట్లుగా వదిలించుకునే యంత్రాలవి. వాటిని తెచ్చి, దుమ్ము ఊది, హార్డ్ డిస్క్ తుడిచి, కొత్తగా విండోస్ ఎక్కించి పెడతాం. మా వ్యాపారంలో దాన్ని రిఫర్బిష్డ్ అంటారు. కొనేవాళ్ళు ఆ మాటకు అర్థం అడిగితే, "పాతదేనప్పా, తలంటు పోసినాం" అంటాను.

అలా తలంటు పోసిన కంప్యూటర్ ఒకటి ఆ ఏడాది ఉగాది ముందర ధర్మవరంలో పద్మావతమ్మకు అమ్మాను. ఆమెవి పన్నెండు మగ్గాలు. పట్టుచీరకు ముందు డిజైను కావాలి. పూర్వం గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడీ నింపి గీసేవాళ్ళు. ఇప్పుడు కంప్యూటర్లో గీసి, దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి తగిలిస్తారు. అంచు ఎలా ఉండాలి, కొంగులో ఏం రావాలి, ఒళ్ళంతా ఏ బుటా పడాలి, అన్నీ ఆ గీతలోనే ఉంటాయి. చీర బయటికొచ్చే వరకూ ఆ గీత ఇంట్లోనే ఉండాలి. అది బయటపడితే మూడు నెలల పని మురిగిపోయినట్టే.

ఆషాఢంలో ఒక ఉదయం ఆమె ఫోన్ చేసింది.

"రంగప్పా, నువ్విచ్చిన కంప్యూటర్లో ఎవురు ఎప్పుడు పనిచేసినారో కనుక్కునేకి అయితాదా?"

"అయితాదక్కా. ఏమైంది?"

"ఫోన్లో చెప్పేది కాదు. బయల్దేరిరా. చౌడప్పతో మాత్రం అనొద్దు."

చౌడప్ప అంటే ఆమె దగ్గర డిజైన్లు గీసే మనిషి. అరవైకి దగ్గర. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లోనే గీస్తున్నాడు. యాభై ఐదేళ్ళ వయసులో మౌసు పట్టడం నేర్చుకున్నాడు. కంప్యూటర్ మీద పనిచేస్తున్నా చెవి మీద పెన్సిలు మాత్రం దిగదు.

మర్నాడు పొద్దున రైలెక్కాను. పెనుకొండ స్టేషన్లో శనక్కాయలు కొనుక్కుని, కొండను చూస్తూ నములుకుంటూ, చౌడప్పతో అనకూడని మాట ఏమై ఉంటుందా అని ఆలోచించాను. ధర్మవరంలో దిగేసరికి శనక్కాయలు అయిపోయాయి, ఆలోచన తెగలేదు.

పద్మావతమ్మ నన్ను వంటింటి పక్క గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేసింది. ఫోన్లో మూడు ఫొటోలు చూపించింది. ఒకటి పారిజాతం బుటా, ఒకటి ఏనుగుల వరస కొంగు, మూడోది పురి విప్పని నెమలి. మూడూ చౌడప్ప గీసినవే. మూడూ బెంగళూరులో ఒక చీరల దుకాణంలో వేలాడుతున్నాయి. నెమలి చీర అయితే ఆమె మగ్గం మీద ఇంకా సగం కూడా కాలేదు.

"మగ్గం మీదుండే నెమలి, బెంగళూరికి ఎట్ల ఎగిరిపోయిందప్పా?"

"మగ్గం కాడికి వచ్చిపోయేవాళ్ళు ఎవరైనా..."

"మగ్గం కాడ కనబడేది జానెడు. ఆ ఫొటోలో పూర్తి నెమలి ఉండాది. పూర్తి నెమలి ఉండేది కంప్యూటర్లోనే. కంప్యూటరుండే గదికి తాళంచెవి ఒగటే. అది చౌడప్ప మొలతాడుకు ఉండాది." ఆమె గొంతు తగ్గించింది. "మా అక్క కొడుకు వచ్చినప్పుడు చూసి చెప్పినాడు. చౌడప్ప ఒంటిగంటకు కంప్యూటర్ ఆపేసి, తాళమేసి, బువ్వకు పోతాడు. మూడుకు వస్తాడు. మధ్యలో, ఒకటీ నలభైకి, కంప్యూటర్ ఆన్ అయినట్ల ఉండాది. మళ్ళా రెండున్నరకు ఆఫ్. రెండు దినాలకొకసారి. అంటే ఏమప్పా అర్థం? దొంగగా వెనక్కి వచ్చి కాపీ చేసుకుంటాండాడని గదా?"

నేను ఫోన్ ఆమె చేతికి తిరిగిచ్చాను.

"నువ్వు గూడా చూసి అవునంటే, సోమవారం నుంచి రావద్దని చెప్పేస్తా," అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. ధర్మవరంలో డిజైనర్‌కు "గీత అమ్ముకున్నాడు" అన్న పేరు ఒకసారి పడితే, ఆ తర్వాత ఏ ఇంట్లోనూ అతని చేతికి పెన్సిలు ఇవ్వరు. అది ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

గదిలోకి వెళ్ళాను. "సర్వీసింగు" అని అబద్ధం చెప్పాను. చౌడప్ప సంతోషంగా లేచి కుర్చీ ఇచ్చాడు.

"చూడు సామీ, బాగా చూడు. నాకు ఒగటే అనుమానం. దీనికి ఒళ్ళు వెచ్చబడతాది. బువ్వ తినొచ్చి చెయ్యి పెడితే, ఆపేసి పోయిన కంప్యూటర్ వెచ్చగా ఉంటాది. జొరం గాని వస్తాదేమి?"

యంత్రం తన రాకపోకలు రాసుకునే చిట్టా ఒకటి విండోస్‌లో ఉంటుంది. తెరిచి చూశాను. పద్మావతమ్మ అక్క కొడుకు చెప్పింది నిజమే. ఒకటీ నలభైకి ఆన్, రెండున్నరకు ఆఫ్. దాదాపు వారానికి మూడుసార్లు. ఆ తెర చూస్తూ, పక్కనే నిలబడిన చౌడప్ప వైపు తల తిప్పడానికి నాకు మనసొప్పలేదు.

అతనేమో ఇవేవీ పట్టించుకోకుండా బీరువా తెరిచి ఒక చీర తీశాడు.

"ఇది చూడు సామీ. ఈ ఏడు మాకు ఇదే బాగా పోయింది. నీకు తెలిసే పని గాదు, అయినా చూడు. అంచు చూడు."

చూశాను. ఎరుపు గడి, పసుపు గడి, మళ్ళీ ఎరుపు, మళ్ళీ పసుపు. సన్నని పట్టీలా అంచు పొడవునా పోతోంది. కుంకుమా పసుపూ వరసగా పేర్చినట్టు ముచ్చటగానే ఉంది.

"బాగుందన్నా. ఎట్ల తట్టింది నీకు?"

"నాకు తట్టలేదు సామీ, అబద్ధమెందుకు. కంప్యూటరే చూపించింది."

"అంటే?"

"నేను గీస్తాండేటప్పుడు గూడా అప్పుడప్పుడు తెర చుట్టూ వస్తాది గదా, ఎరుపు పసుపు అంచు. మిణుకు మిణుకుమంటాది. కాసేపుండి పోతాది. చీరల డిజైన్ల కంప్యూటర్ గదా, అంచు ఇట్ల ఏసుకోండి అని అదే చెప్తాండాదేమో అనుకున్యా. నాలుగు దినాలు చూసినా. ఐదో దినం మగ్గానికి ఎక్కించినా."

నా చేతిలో చీర ఉండిపోయింది. నెత్తిన ఎవరో చెంబెడు చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది.

ఇక్కడ కాస్త ఆగి, నా విద్య గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆఫీసుల కోసం తయారుచేసే కొన్ని కంప్యూటర్లలో, అసలు ప్రాసెసర్‌కు తోడుగా బోర్డులో ఇంకో బుల్లి ప్రాసెసర్ ఉంటుంది. కంప్యూటర్ ఆపేసినా, ప్లగ్గులో కరెంటు ఉన్నంత సేపూ అది మేలుకునే ఉంటుంది. షట్టర్ దించేసిన దుకాణంలో కావలివాడు పడుకోకుండా కూర్చున్నట్టు. దాని పని రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే దూరం నుంచి యంత్రాన్ని చక్కబెట్టనివ్వడం. పది అంతస్తుల ఆఫీసులో నాలుగు వందల కంప్యూటర్లుంటే, ఒక్కొక్కదాని దగ్గరికీ మనిషి వెళ్ళలేడు కదా. ఒక గదిలో కూర్చుని ఏ కంప్యూటర్‌నైనా ఆన్ చేయవచ్చు, ఆపవచ్చు, దాని తెర తన ముందు పరచుకుని చూడవచ్చు, దాని మౌసు తను తిప్పవచ్చు. సదుపాయం మంచిదే. ఆ కావలివాడు ఎవరి మాట వినాలో ముందుగా నేర్పి పెడతారు. దాన్ని ప్రొవిజనింగ్ అంటారు. ఇంటర్నెట్ తీగ ఎక్కడ తగిలినా, "అయ్యా, నేనిక్కడున్నాను" అని యజమాని సర్వర్‌కు తనే కబురు పెట్టుకునేలా కూడా నేర్పవచ్చు.

ఈ పాఠమంతా హార్డ్ డిస్కులో ఉండదు. బోర్డులో ఉంటుంది. నేను తలంటు పోసింది హార్డ్ డిస్కుకు. ఇంటికి సున్నం కొట్టించాను, తాళం మార్చలేదు. ఆ కంప్యూటర్ బెంగళూరు వదిలి, హిందూపురంలో నా దుకాణం దాటి, ధర్మవరం చేరినా, కావలివాడు మాత్రం పాత యజమానికే దణ్ణం పెడుతున్నాడు.

ఎవరైనా దూరం నుంచి తెర చూస్తున్నప్పుడు, ఎదురుగా కూర్చున్నవాడికి తెలియాలని, తయారుచేసినవాళ్ళు ఒక హెచ్చరిక పెట్టారు. తెర చుట్టూ మిణుకు మిణుకుమనే పట్టీ. ఎరుపు, పసుపు.

చౌడప్ప ఆ హెచ్చరికను పట్టుతో నేయించాడు.

"కాఫీ తాగొస్తానన్నా," అని బయటికి వచ్చాను. ఎదురు హోటల్లో కూర్చున్నాను. ఇప్పుడు చెప్పేది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. ఆ కంప్యూటర్ డబ్బా మీద నా దుకాణం స్టిక్కరు ఉంది, ఫోన్ నంబరుతో సహా. ఈ సంగతి బయటికి పొక్కితే, ధర్మవరంలో నేను కంప్యూటర్లమ్మిన ప్రతి ఇల్లూ నా దగ్గరికి వచ్చి నిలబడుతుంది. బయోస్‌లోకి వెళ్ళి, అంటే యంత్రం లేవగానే మొదట చదువుకునే సెట్టింగుల్లోకి వెళ్ళి, ఆ సదుపాయాన్ని నోరెత్తకుండా ఆపేసి, "వైరస్సక్కా, తీసేసినా" అనవచ్చు. డిజైన్లు పోవడం ఆగిపోతుంది. నా పేరు నిలుస్తుంది. చౌడప్పను మాత్రం సోమవారం పంపించేస్తారు, ఎందుకంటే చిట్టాలో ఒకటీ నలభై అలాగే ఉంటుంది.

ఒక కాఫీ తాగేంత సేపు నేను పిరికివాణ్ణి. రెండో కాఫీ చెప్పలేదు. లేచి వెళ్ళి పద్మావతమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అంటే, దొంగను నువ్వే తెచ్చి నా ఇంట్లో కూచోబెట్టినావా?"

"కూచోబెట్టి, ఏడాది వారంటీ గూడా ఇచ్చినా అక్కా."

ఆమె నవ్వలేదు. కాసేపు నన్ను పైకీ కిందికీ చూసింది.

"రంగప్పా, చౌడప్ప మీద జాలితో ఈ కత అల్లినావు. ఆపేసిన కంప్యూటర్ దానంతట అదే లేస్తాదా? హిందూపురంలో చెప్పుకో ఈ మాటలు. ఎలుక పిల్లలు తోకలతో ఫ్యాను తిప్పినాయని చెప్పింది నువ్వే గదా?"

గోరంట్ల ఎలుక ధర్మవరం వరకూ పాకుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కల్పన లేని నిజం చెబితే, నమ్మే మనిషి లేదు. నా సొంత అబద్ధాలు క్యూ కట్టి నా ఎదుట నిలబడ్డాయి.

"అక్కా, నన్ను నమ్మొద్దు. నీ కండ్లను నమ్ముతావా? రేపు మధ్యాహ్నం బువ్వ ఆ గదిలోనే పెట్టు. చౌడప్పన్నకు గూడా పెట్టు. అంతే నేనడిగేది."

ఆ పూట ధర్మవరంలోనే ఉండిపోయాను. మర్నాడు ఒంటిగంటకు చౌడప్ప రోజూలాగే కంప్యూటర్ ఆపేశాడు. పద్మావతమ్మ సంగటి, పప్పు, శనక్కాయల చట్నీ తెచ్చి గదిలోనే వడ్డించింది. ముప్పై ఏళ్ళలో యజమానురాలు పక్కన కూర్చుని తినడం చౌడప్పకు అదే మొదలు. అతను ముడుచుకుపోయి కూర్చున్నాడు.

"ఏం విశేషం అమ్మా, ఈ పొద్దు?"

"ఏం లేదు, తిను."

ఒకటీ ముప్పై అయింది. ఒకటీ ముప్పై ఐదు. నేను సంగటిని కెలుకుతూ కూర్చున్నాను. ఆ మనిషి ఇవాళ సెలవు పెడితే? రెండు రోజులకొకసారి అన్నారు, ఇవాళ ఆ రోజు కాకపోతే? ఒకటీ నలభై అయింది. ఏమీ లేదు. నలభై రెండు. పద్మావతమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో గోరంట్ల ఎలుక మొత్తం కుటుంబంతో కనబడింది.

అప్పుడు ఫ్యాను గుర్రుమంది.

ఎవరూ ముట్టుకోలేదు. డబ్బా మీద చిన్న దీపం వెలిగింది. తెర మేలుకుంది. ఆ ఇంట్లో పాస్‌వర్డ్ పెట్టుకునే అలవాటు లేదు కాబట్టి అడ్డమేమీ లేదు. తెర చుట్టూ ఎరుపు పసుపు అంచు మిణుకు మిణుకుమంది. మౌసు దాని పాటికి అది బల్ల మీద కదలకుండా ఉంది, తెర మీద బాణం మాత్రం నెమ్మదిగా నడుచుకుంటూ డిజైన్ల ఫోల్డరు దగ్గరికి వెళ్ళింది.

పద్మావతమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని, తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా అడిగింది.

"చౌడప్పా, నీ చేతులు యాడుండాయి?"

"సంగట్లో అమ్మా."

"రెండూనా?"

"ఒకటి సంగట్లో, ఒకటి తట్ట మీద."

తెర మీద నెమలి తెరుచుకుంది. చౌడప్ప దాన్ని చూశాడు. ఆమెను చూశాడు. నన్ను చూశాడు. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో, ఆ రోజు సంగటి ఎందుకు వచ్చిందో అతనికి అర్థమైపోయింది.

"ఇన్ని దినాలూ నా మీద అనుమానమా అమ్మా?"

పద్మావతమ్మ ముద్దను కంచంలో పెట్టేసింది. తన ఇంట్లో, తన కళ్ళ ముందర, కనబడని వాడెవడో తన బీరువా సర్దుతున్నట్టుంది ఆమెకు. చౌడప్పే లేచి, "లేమ్మా, నీళ్ళు తాగుదువు రా," అని ఆమెను బయటికి తీసుకెళ్ళాడు. గదిలో నేనూ, ఆ బాణమూ మిగిలాం.

నేను కీబోర్డు దగ్గరికి లాక్కుని, నోట్‌ప్యాడ్ తెరిచి, పెద్ద అక్షరాల్లో కొట్టాను: ఎవరప్పా నువ్వు?

బాణం ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత నా ప్రశ్న కింద, ఎవరూ ముట్టని కీబోర్డు నుంచి అక్షరాలు ఒక్కొక్కటిగా పడ్డాయి: సారీ అన్నా.

అలా మొదలైంది మాట. అతను బెంగళూరులో కంప్యూటర్లు చూసుకునే ఒక చిన్న కాంట్రాక్టు సంస్థలో పనిచేస్తాడు. పాత కంపెనీ యంత్రాలన్నీ అమ్మేసినా, అతని జాబితాలో ఈ ఒక్కటీ ఇంకా బతికే ఉన్నట్టు కనబడింది. ఏమిటా అని ఒకరోజు భోజనాల వేళ తెరిచాడు. లెక్కల పట్టికల బదులు పారిజాతాలు కనబడ్డాయి. అన్నిటికన్నా పెద్ద ఆశ్చర్యం, ఆ అబ్బాయిది మన రొద్దం. "కలుస్తావా?" అన్నాను. "ఆదివారం ఊరికి వస్తాండా, పెనుకొండలో దిగుతా," అన్నాడు.

ఆదివారం పెనుకొండ స్టేషన్లో, కొండకెదురుగా ఉన్న బెంచీ మీద అతన్ని కలిశాను. సన్నగా, భయంభయంగా ఉన్నాడు. శనక్కాయలు చేతిలో పెడితే తినకుండా అలాగే పట్టుకున్నాడు.

"దొంగతనం అనుకోలేదన్నా. కార్తీకంలో నా పెండ్లి. మా పిల్లకు పారిజాతం చూపించినా. మా అక్క నాకూ కావాలనింది, ఏనుగులు చూపించినా. మా అత్త ఊరుకుంటాదా? ఆమెకు నెమలి. వాళ్ళు ఆ ఫొటోలు తీసుకుపోయి ఒక దుకాణంలో ఇట్లాటివి నేయించమని ఇచ్చినారు. దుకాణమాయన పది నేయించి తగిలించినాడు."

మూడు డిజైన్లు, ముగ్గురు ఆడవాళ్ళు. లెక్క సరిపోయింది. తన జాబితాలో ఆ యంత్రం పేరు కొట్టేస్తానని మాటిచ్చి, రొద్దం బస్సెక్కాడు. ఈ సంగతి చెప్పినప్పుడు పద్మావతమ్మ అన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. "అత్తకు గూడా నెమలేనా!" అంది.

నా పని నేను చేశాను. ఆ సెట్టింగులకు పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ నాకు తెలియదు కాబట్టి, బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ తీసి, పాత పాఠమంతా మరిచిపోయేలా చేసి, ఆ సదుపాయాన్ని పూర్తిగా ఆపేశాను. విండోస్‌కు పాస్‌వర్డ్ పెట్టాను. తర్వాత ధర్మవరం, పెనుకొండ, మడకశిర, ఎక్కడెక్కడ అలాంటి యంత్రాలు అమ్మానో అక్కడికల్లా వెళ్ళి, తెరిచి చూశాను. ఇంకో రెండింటిలో కావలివాళ్ళు పాత యజమానుల కోసం కాచుకునే ఉన్నారు. పోయిన పరువు కొంత పోయింది. ఎదురొచ్చి అడగకముందే వెళ్ళి చెప్పినందుకు మిగిలింది కొంత మిగిలింది.

ఈ కేసు నాకు నేర్పింది పెద్ద శాస్త్రమేమీ కాదు. పాత కంప్యూటర్ కొన్నప్పుడు, దానిలో ఏముందో చూసుకుంటాం గానీ, అది ఇంకా ఎవరి మాట వింటోందో అడగం. అది అడగాలి. ఆపేశాం కదా అనుకునేది నిజంగా ఆగిందో లేదో తెలుసుకోవాలి. ఆ సదుపాయం అక్కర్లేని ఇంట్లో ఆపేయించుకోవాలి. తయారుచేసినవాళ్ళు హెచ్చరిక పెట్టారు, నిజమే, అది వెలిగింది కూడా. కానీ దాని అర్థం చౌడప్పకు చెప్పవలసినవాళ్ళం మధ్యలో ఇంతమందిమి ఉండి, ఒక్కరమూ చెప్పలేదు. చెప్పకపోతే అతనికి అది అంచు గాక ఇంకేమవుతుంది?

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మొదట చేసిన ప్రమాణంలోంచి దేవుడి పటాన్నీ, మా ఆవిడనూ వెనక్కి తీసుకోవాలి. స్క్రూడ్రైవర్లను మాత్రం ఉండనివ్వండి.

రొద్దం అబ్బాయి లేడు.

నోట్‌ప్యాడ్‌లో "ఎవరప్పా నువ్వు?" అని కొట్టిన మాట నిజం. బాణం ఆగిపోయిన మాట నిజం. తర్వాత, ఎరుపు పసుపు అంచు చటుక్కున మాయమైంది. అంతే. జవాబు రాలేదు. నేను తీగ పీకేసి కూర్చున్నాను. పద్మావతమ్మ తిరిగొచ్చి, గడపలోనే నిలబడి, "ఎవడప్పా వాడు?" అని అడిగింది. ఆ గదిలోకి మళ్ళీ అడుగుపెట్టడానికి ఆమె భయపడుతోందని చూశాను. తెలియదు అని చెప్పాలి. నా నోటికి ఆ మాట అలవాటు లేదు. అప్పటికి రొద్దం అన్నాను, తర్వాత పెండ్లి అన్నాను, అత్త అన్నాను. పెనుకొండలో ఆ ఆదివారం నేనొక్కణ్ణే బెంచీ మీద కూర్చుని శనక్కాయలు తిని తిరిగొచ్చాను, కనీసం ఆ స్టేషనైనా నిజం కావాలని. మిగిలినవన్నీ నిజం. ఆ యంత్రం పాఠం మరిచిపోయిన తర్వాత మరో డిజైను పోలేదన్నదీ నిజం.

కార్తీకమాసంలో పద్మావతమ్మ పిలిచి, నా చేతిలో ఒక పొట్లం పెట్టింది.

"రొద్దం అబ్బికి ఇవ్వు. పెండ్లికూతురికి. తప్పు చేసినాడు, ఒప్పుకున్నాడు గదా."

విప్పి చూశాను. నెమలి చీర. ఆ చీర పట్టుకుని ఇంకో అబద్ధం అల్లడానికి, నిజంగా చెబుతున్నాను, నాకు నోరు రాలేదు. అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. ఆమె చాలాసేపు కంప్యూటర్ వైపు చూసింది.

"అంటే, ఎవురో తెలీదు."

"తెలీదక్కా."

"మంచోడో చెడ్డోడో గూడా తెలీదు."

"తెలీదు."

చౌడప్ప చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు. "నాకు ఆ పొద్దే అనుమానం వచ్చింది సామీ. తప్పు చేసినోడు రైలెక్కి వచ్చి బెంచీ మీద కూచుంటాడా?"

"మరి అప్పుడే అడగలేదేమన్నా?"

"అమ్మ నవ్వుతాండాది గదా. ఎందుకు చెడగొట్టేదని."

పద్మావతమ్మ నా చేతిలోంచి చీర తీసుకుంది. ఒకసారి మడత సర్ది, చౌడప్ప ముందు బల్ల మీద పెట్టింది.

"మీ ఇంటామెకు ఇయ్యి."

ముప్పై ఏళ్ళుగా ఇంట్లో ఉన్న మనిషిని అనుమానించినందుకు ఆమె నోటితో అడిగిన క్షమాపణ ఏదీ నేను వినలేదు. క్షమాపణంటే ఆ చీర ఒక్కటే. చౌడప్ప చీర విప్పి, అలవాటు కొద్దీ ముందు అంచు చూశాడు. ఎరుపు గడి, పసుపు గడి, మళ్ళీ ఎరుపు, మళ్ళీ పసుపు.

"నెమలికి నేను గీసిన అంచు ఇది గాదు గదా, ఇదెందుకు ఏయించినావమ్మా?"

"వాడి పెండ్లాం కట్టుకున్నప్పుడల్లా వానికి గుర్తు రావాలని," అంది ఆమె. "ఇప్పుడు మనకే గుర్తుంటాది."

ఆ అంచు ఇప్పుడు మా ప్రాంతంలో పెళ్ళిళ్ళలో బాగా కనబడుతోంది. కనబడినప్పుడల్లా, నేను ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.